300 ఎస్‌ఎల్ గల్‌వింగ్: లె మాన్స్ గెలిచిన కారుకూ రోడ్డు మీదికి వచ్చిన కారుకూ మధ్య ఏముంది?

మీరు రెండు సంగతులు అడిగారు. మెర్సిడెస్-బెంజ్ 1954లో న్యూయార్కులో ప్రదర్శించిన 300 ఎస్‌ఎల్ కూపే (పైకప్పు ఉన్న రెండు తలుపుల కారు), 1952లో లె మాన్స్ (ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల కార్ల పోటీ) గెలిచిన రేసు కారేనా, దాన్నే కొద్దిగా సవరించి అమ్మకానికి పెట్టారా అన్నది మొదటిది. గల్ అనే సముద్రపక్షి రెక్కల్లా పైకి లేచి, కారుకు గల్‌వింగ్ అన్న పేరు తెచ్చిన ఆ తలుపులు చూపరులను ఆకట్టుకోవడానికి పెట్టినవేనా అన్నది రెండవది. రెండవదానికి జవాబు సూటిగా చెప్పవచ్చు. కాదు, ఆ తలుపులు చట్రం వల్ల తప్పనిసరై వచ్చాయి. మొదటిదానికి మాత్రం అవుననీ చెప్పలేము, కాదనీ చెప్పలేము. 1952లో గెలిచిన కార్లకూ 1954లో అమ్మకానికి వచ్చిన కారుకూ నడుమ ఏ పోటీలోనూ పాల్గొనని మరొక నమూనా కారు ఉంది. దాన్ని పక్కన పెట్టి చెప్పే చరిత్రలో రోడ్డు కారు ఇంజిన్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా పోతుంది. పాత ఇంజిన్లు విప్పి బిగించే పనిలో చాలా ఏళ్లు గడిపినందువల్ల నా ధ్యాస బాడీ అందం కన్నా లోపలి అమరిక మీదికే ఎక్కువగా పోతుంది, కాబట్టి ఈ జవాబు కూడా ఆ వైపు నుంచే సాగుతుంది.

ముందుగా 1951 నాటి పరిస్థితి తెలియాలి. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు గ్రాండ్‌ప్రీ (ఒంటి సీటు రేసు కార్ల) పోటీలను ఏలిన మెర్సిడెస్ తయారీ కంపెనీ డైమ్లర్-బెంజ్, 1951 ఫిబ్రవరిలో తన పాత డబ్ల్యూ154 కార్లను బ్యూనస్ ఎయిరీస్‌కు తీసుకువెళ్లి, ఫ్రోయిలాన్ గొంజాలెజ్ నడిపిన ఫెరారీ చేతిలో ఓడిపోయింది. పాత కార్లతో ఇక పని జరగదని తేలిపోయింది. కొత్త గ్రాండ్‌ప్రీ కారును మొదటి నుంచి తయారు చేయడానికి కావలసిన డబ్బూ సమయమూ అప్పటికి లేవు. స్పోర్ట్స్ కార్ల పోటీలలోనైతే కంపెనీ దగ్గర ఉన్న భాగాలతోనే దిగవచ్చు. ఉన్న భాగాలంటే 1951 ఏప్రిల్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో చూపించిన 300 సెడాన్‌వి. జర్మన్ చాన్సలర్ కొన్రాడ్ అడెనావర్ వాడినందువల్ల ఆయన పేరుతోనే ప్రసిద్ధమైన పెద్ద కారు అది. దాని ఇంజిన్ 2,996 సీసీల సామర్థ్యం గల ఆరు సిలిండర్ల వరుస ఇంజిన్, పైన వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టు ఒకటే, శక్తి 115 హార్స్‌పవర్. నలుగురు పెద్దమనుషులను హుందాగా తీసుకువెళ్లడానికి ఇది చక్కగా సరిపోయే ఇంజిన్, కానీ 3.4 లీటర్ల ఇంజిన్‌తో 1951 లె మాన్స్ గెలిచిన జాగ్వార్ సి-టైప్ ముందు నిలబడవలసిన రేసు కారుకు ఇది బరువైనది, పొడవైనది, ఎత్తైనది.

ప్రయోగ విభాగానికి అధిపతిగా ఉన్న రుడాల్ఫ్ ఊలెన్‌హౌట్ ఈ పరిమితిని ఉన్నదున్నట్టుగా ఒప్పుకున్నారు. మూడు సోలెక్స్ కార్బురేటర్లు అమర్చి, క్యామ్‌షాఫ్టు మార్చి, ఆ ఇంజిన్ నుంచి 170 హార్స్‌పవర్ దాకా రాబట్టగలిగారు. పోటీదారులు అంతకు మించిన శక్తితో వస్తారని ఆయనకు తెలుసు. అందువల్ల మిగిలిన లాభమంతా బరువు తగ్గించడంలోనూ గాలి నిరోధాన్ని తగ్గించడంలోనూ వెతుక్కోవలసి వచ్చింది. డబ్ల్యూ194 అన్న అంతర్గత సంఖ్యతో తయారైన రేసు కారులో విచిత్రంగా కనిపించే ప్రతి అంశమూ ఈ ఒక్క నిర్ణయం నుంచే పుట్టిందని నా అభిప్రాయం. ఇరుసులు, నాలుగు గేర్ల గేర్‌బాక్సు, బ్రేకుల మూలాలు సెడాన్‌వే. పూర్తిగా కొత్తగా చేసినవి చట్రం, బాడీ మాత్రమే.

ఆ చట్రం సంగతి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ తలుపుల ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. మామూలు కారుకు కింద రెండు లావాటి దూలాలు వేసి వాటి మీద బాడీ కూర్చోబెడతారు. ఊలెన్‌హౌట్ దాని బదులు సన్నని, తిన్నని ఉక్కు గొట్టాలను త్రిభుజాలుగా అతికించి, ప్రతి గొట్టం మీదా లాగే బలమో నొక్కే బలమో మాత్రమే పడేలా, వంచే బలం ఏ గొట్టం మీదా పడకుండా చట్రాన్ని రూపొందించారు. వంపును తట్టుకోవలసిన పని లేకపోతే గొట్టం సన్నగా ఉన్నా చాలు, కాబట్టి చట్రం బరువు ఎంతో తగ్గుతుంది. అయితే ఇలాంటి చట్రానికి మెలి తిరగకుండా నిలబడే బిగువు రావాలంటే దానికి తగినంత లోతు కావాలి. ముందూ వెనుకా ఆ లోతుకు చోటు ఉంటుంది. మధ్యలో మనుషులు కూర్చునే చోట ఉండదు. అక్కడ బిగువు తగ్గకుండా ఉండాలంటే కూర్చున్నవారి తొడల ఎత్తు దాకా, ఇంకా చెప్పాలంటే మోచేతి దాకా, పక్కగోడలలో గొట్టాలను పైకి తీసుకురావలసిందే. ఆ గొట్టాలను కోసి మామూలు తలుపు పెడితే, బిగువునిచ్చే చోటే చట్రం తెగిపోతుంది. అందువల్ల తలుపుకు మిగిలిన దారి పైకప్పు ఒక్కటే.

మొదట తయారైన కార్లలో నిజానికి వాటిని తలుపులు అనడం కూడా కష్టమే. కిటికీ, దాని పైనున్న కప్పు ముక్క కలిసి పైకి లేచేవి. నడుము ఎత్తుకు దిగువన ఏమీ తెరుచుకునేది కాదు. స్టీరింగ్ చక్రాన్ని ఊడదీసి, కప్పు మీదుగా లోపలికి దిగి, మళ్లీ చక్రాన్ని బిగించుకోవాలి. 1952 మే మొదటి వారంలో ఇటలీ రోడ్ల మీది మిల్లె మిల్యా పోటీకి వెళ్లినప్పుడు అక్కడి తనిఖీ అధికారులు ఈ తలుపులు చూసి అభ్యంతరం చెప్పారు. తలుపు ఉండాలని నిబంధనలలో ఉంది గానీ, అది ఎటు తెరుచుకోవాలో ఎక్కడా లేదు. జట్టు నాయకుడు ఆల్ఫ్రెడ్ నాయ్‌బావర్ లాంటి మనిషికి ఆ సందు చాలు. అయినా ఈ వాదన ప్రతి పోటీలోనూ నెగ్గుతుందన్న భరోసా లేదు. జూన్‌లో లె మాన్స్‌కు వచ్చిన కార్లలో తలుపు పక్కగోడలోకి, గొట్టాలు అనుమతించినంత మేర, కిందికి దిగింది. ఈనాడు మనం గుర్తుపట్టే గల్‌వింగ్ తలుపు ఆకారం అలా, ఒకవైపు చట్రం గణితమూ మరొకవైపు తనిఖీ అధికారుల భయమూ కలిసి ఆ కొద్ది వారాలలో ఏర్పడింది. శైలి విభాగంలో ఎవరో గీసిన బొమ్మ నుంచి అది రాలేదు.

దీనికి మరొక సాక్ష్యం 1957లో వచ్చిన 300 ఎస్‌ఎల్ రోడ్‌స్టర్. పైకప్పు లేని కారుకు పైకి లేచే తలుపు పెట్టలేరు కాబట్టి, మామూలు తలుపులు పెట్టడానికి పక్కగోడలోని గొట్టాల అమరికనే కిందికి దించి, పోయిన బిగువును మరోచోట బలపరిచి తిరిగి తెచ్చుకోవలసి వచ్చింది. దాంతో కారు బరువు పెరిగింది. తలుపు ఒట్టి అలంకారమే అయితే దాన్ని మార్చడానికి చట్రం జోలికి వెళ్లవలసిన అవసరం ఉండేది కాదు.

ఇక ఇంజిన్ విషయం. నిలువుగా పెడితే ఆ సెడాన్ ఇంజిన్ బానెట్‌ను చాలా ఎత్తుకు తీసుకువెళుతుంది, గాలి నిరోధం తగ్గించాలన్న ఉద్దేశమే దెబ్బతింటుంది. అందుకని దాన్ని దాదాపు 50 డిగ్రీలు ఎడమవైపుకు పడుకోబెట్టారు. ఒక పక్కకు ఒరిగిన ఇంజిన్‌కు గాలి తీసుకునే గొట్టాలు మరొక పక్కన ఎత్తుగా వస్తాయి. రోడ్డు కారు బానెట్ మీద కనిపించే రెండు ఉబ్బులలో ఒకటే వాటికోసం అవసరమైనది, రెండవది చూపుకు సమతూకం కోసం పెట్టినది. అందం కోసం ఆ కారులో ఏమైనా చేర్చారా అని అడిగితే నేను తలుపులను కాదు, ఆ రెండవ ఉబ్బును చూపిస్తాను.

1952 పోటీల ఫలితాలు చాలా చోట్ల దొరుకుతాయి కాబట్టి త్వరగా చెబుతాను. మిల్లె మిల్యాలో కార్ల్ క్లింగ్ కొద్ది నిమిషాల తేడాతో జొవాన్ని బ్రాక్కో ఫెరారీ వెనుక రెండవ స్థానంలో వచ్చాడు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో మొదటి మూడు స్థానాలూ ఈ కార్లవే. కానీ యుద్ధానికి ముందు తరం మహారథి రుడాల్ఫ్ కరాచియోలా అక్కడే ప్రమాదంలో గాయపడి పోటీల జీవితం ముగించాడు. లె మాన్స్‌లో హెర్మన్ లాంగ్, ఫ్రిట్జ్ రీస్ జంట 24 గంటలలో 3,733 కి.మీ. నడిపి, గంటకు 155 కి.మీ. పైచిలుకు సగటుతో గెలిచింది. రెండవ స్థానమూ ఇదే జట్టుది. ఆ గెలుపు గురించి ఒక మాట న్యాయంగా చెప్పాలి. చివరి ఘట్టం దాకా ముందున్నది టాల్బో కారును దాదాపు ఒంటరిగా నడుపుతూ వచ్చిన పియెర్ లెవెగ్; ఆయన ఇంజిన్ చెడిపోయాకే మెర్సిడెస్ కార్లు ముందుకు వచ్చాయి. తక్కువ శక్తి గల ఇంజిన్‌ను ఒత్తిడి పెట్టకుండా, తక్కువ గాలి నిరోధంతో నడపాలన్న ఊలెన్‌హౌట్ లెక్క ఆ రోజు పనిచేసింది. ఆగస్టులో జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్‌లో పైకప్పు తీసేసిన రూపంలో మొదటి నాలుగు స్థానాలు దక్కాయి. నవంబరులో మెక్సికోలో జరిగిన కరేరా పానమెరికానాలో ఒక రాబందు ముందు అద్దం పగులగొట్టుకుని లోపలికి వచ్చి క్లింగ్ పక్కన కూర్చున్న సహచరుడు హాన్స్ క్లెంక్‌ను గాయపరిచినా, అద్దం ముందు నిలువు కడ్డీలు బిగించుకుని క్లింగ్, క్లెంక్ జంట ఆ పోటీ గెలిచింది.

ఇక్కడితో ఆపి, తరువాత రోడ్డు కారు వచ్చిందని చాలామంది రాస్తారు. కానీ 1952లో వాడినవి మొత్తం పది కార్లు. 1953 పోటీల కోసం తయారైన పదకొండవది వేరే కథ. పని చేసినవాళ్లు దాన్ని హోబెల్ అని, అంటే వడ్రంగి చిత్రిక అని పిలుచుకునేవారు. దాని ముందు భాగం ఆకారం అలా ఉండేది. బాడీని తేలికైన మెగ్నీషియం మిశ్రమలోహంతో చేశారు. చక్రాల మధ్య దూరాన్ని 2,400 మి.మీ. నుంచి 2,300 మి.మీ.కు తగ్గించారు. బరువు ముందు వెనుకలకు సమంగా పంచడానికి గేర్‌బాక్సును వెనుక ఇరుసు దగ్గరికి జరిపారు. ఇంజిన్ గదిలోని వేడి గాలి బయటికి పోవడానికి ముందు చక్రాల వెనుక పక్కగోడలలో పెద్ద రంధ్రాలు పెట్టారు. అన్నిటికన్నా ముఖ్యంగా, కార్బురేటర్లు తీసేసి, పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టారు. దీనితో శక్తి 170 నుంచి 210 హార్స్‌పవర్ దాటింది.

ఈ ఇంజెక్షన్ ఎలా అమరిందో చూస్తే ఇంజనీర్ల పొదుపు మీద గౌరవం కలుగుతుంది. సెడాన్ ఇంజిన్‌లో హెడ్డుకూ (సిలిండర్ల పైమూత) బ్లాకుకూ (సిలిండర్లుండే దిమ్మ) మధ్య అతుకు అడ్డంగా కాక ఏటవాలుగా ఉంటుంది. మంట మండే గది చాలా వరకు బ్లాకులోనే ఉంటుంది. స్పార్క్ ప్లగ్గులు బ్లాకు పక్కన బిగించి ఉంటాయి. కొత్త ఇంజిన్‌లో ప్లగ్గులను హెడ్డులోకి మార్చి, అవి ఖాళీ చేసిన రంధ్రాల్లోనే ఇంజెక్టర్లను కూర్చోబెట్టారు. బాష్ కంపెనీ పంపు, డీజిల్ ఇంజిన్‌లో లాగే, ఒక్కో సిలిండర్‌కు ఒక్కో చిన్న పిస్టన్‌తో పెట్రోలును కొలిచి పంపుతుంది. ఈ విద్య గాలిలోంచి ఊడిపడలేదు. యుద్ధకాలంలో డైమ్లర్-బెంజ్ విమాన ఇంజిన్లు నేరు ఇంజెక్షన్‌తోనే నడిచాయి. యుద్ధం తరువాత గుట్‌బ్రోడ్ అనే చిన్న కంపెనీలో రెండు స్ట్రోకుల చిన్న కారు ఇంజిన్‌కు ఇంజెక్షన్ అమర్చిన ఇంజనీర్ హాన్స్ షెరెన్‌బెర్గ్ 1952లో డైమ్లర్-బెంజ్‌కు తిరిగి వచ్చారు. అమ్మకానికి తయారైన కార్లలో నాలుగు స్ట్రోకుల పెట్రోలు ఇంజిన్‌కు నేరు ఇంజెక్షన్ మొదట వచ్చింది 300 ఎస్‌ఎల్‌లోనే అని చెప్పేటప్పుడు, దాని వెనుక విమానాల అనుభవమూ ఆ చిన్న రెండు స్ట్రోకుల కారు అనుభవమూ రెండూ ఉన్నాయని గుర్తుంచుకోవాలి.

అయినా ఈ పదకొండవ కారు పోటీకి వెళ్లలేదు. 1954 నుంచి గ్రాండ్‌ప్రీ పోటీలకు రెండున్నర లీటర్ల కొత్త నిబంధన వస్తోంది. కంపెనీ తన మనుషులనూ డబ్బునూ దానికి మళ్లించింది. 1954 జులైలో ఫ్రాన్స్‌లోని రాంస్‌లో డ్రైవర్లు ఫాంజియో, క్లింగ్‌లు మొదటి రెండు స్థానాలు గెలిచిన కొత్త గ్రాండ్‌ప్రీ కారు డబ్ల్యూ196లో గొట్టాల చట్రం, నేరు ఇంజెక్షన్ రెండూ కనిపిస్తాయి. అంటే ఆ నమూనా కారులో పరీక్షించిన ఆలోచనలు ఒకవైపు గ్రాండ్‌ప్రీ కారుకూ మరొకవైపు రోడ్డు కారుకూ పనికివచ్చాయి.

రోడ్డు కారు వైపు తోసినవాడు మ్యాక్స్ హాఫ్‌మన్. ఆస్ట్రియాలో పుట్టి న్యూయార్కులో స్థిరపడి, యూరపు కార్లను అమెరికాకు దిగుమతి చేసుకునే ఈ వ్యాపారి, తన ఖాతాదారులు ఎలాంటి కారు కోసం డబ్బు ఖర్చు పెడతారో కంపెనీ కేంద్రమైన స్టుట్‌గార్ట్‌లో ఎవరికన్నా బాగా తెలిసినవాడు. 1953 సెప్టెంబరులో డైరెక్టర్ల ముందు ఆయన తన కోరిక వినిపించాక, 300 ఎస్‌ఎల్‌నూ, దాని పోలికలతో చవకైన 190 ఎస్‌ఎల్‌నూ తయారు చేయాలని నిర్ణయం జరిగింది. 1954 ఫిబ్రవరి 6న మొదలైన న్యూయార్కు ప్రదర్శనలో రెండూ కనబడాలి, అంటే చేతిలో ఉన్నది ఐదు నెలలు. ఇంత కొద్ది కాలంలో కొత్త చట్రం, కొత్త ఇంజిన్ గీసి తయారు చేయడం ఎవరి తరమూ కాదు. ఉన్న నమూనాల నుంచి ఏరుకోవడం ఒక్కటే దారి.

ఏమి ఏరుకున్నారో చూడండి. చట్రం, దానితో వచ్చిన తలుపులు, ఒరిగిన ఇంజిన్ అమరిక, 2,400 మి.మీ. చక్రాల దూరం, ఇంజిన్ వెనుకే గేర్‌బాక్సు, ఇవన్నీ 1952 కారు పద్ధతి ప్రకారం. నేరు ఇంజెక్షన్ ఇంజిన్, పక్కగోడల రంధ్రాలు, ముందు భాగపు ఆకారంలో కొంత పోలిక 1953 నమూనా నుంచి. వెనుకకు జరిపిన గేర్‌బాక్సు, మెగ్నీషియం బాడీ ఖర్చుతో కూడుకున్నవి కాబట్టి వదిలేశారు. డిజైనర్ ఫ్రీడ్రిష్ గైగర్ ఆధ్వర్యంలో బాడీని మళ్లీ గీశారు. చాలా భాగం ఉక్కు, బానెట్, తలుపులు, డిక్కీ మూత అల్యూమినియం. మొత్తం అల్యూమినియంతో చేసినవి 29 మాత్రమే. 215 హార్స్‌పవర్ గల ఈ ఇంజిన్ రోడ్డు కారులో ఉన్నా, 1952లో లె మాన్స్ గెలిచిన రేసు ఇంజిన్ కన్నా శక్తిమంతమైనది. రేసు కారును మెత్తబరిచి రోడ్డు కారు చేస్తారన్న మామూలు క్రమం ఇక్కడ తలకిందులైంది, అందుకు కారణం ఆ పదకొండవ కారే. ఇరుసు నిష్పత్తిని బట్టి గరిష్ఠ వేగం గంటకు 235 నుంచి 260 కి.మీ. దాకా ఉండేది. 1954 ఆగస్టు నుంచి 1957 దాకా 1,400 కూపేలు తయారయ్యాయి. జర్మనీలో ధర 29,000 మార్కులు.

నమూనాల నుంచి ఏరుకోవడంలో కొన్ని ఇబ్బందులూ వెంట వచ్చాయి. స్విచ్ ఆపాక కూడా ఇంజిన్ పూర్తిగా నిలిచేదాకా పంపు పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. మండని ఆ పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిలును కడిగేసి కింద ఆయిలులో కలుస్తుంది. పోటీలో గంటల తరబడి వేడిగా నడిచే ఇంజిన్‌కు ఇది సమస్య కాదు. ఊళ్లో రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆపేసే యజమానికి పెద్ద సమస్య, ఎందుకంటే డ్రై సంప్ పద్ధతిలో (ఆయిలును ఇంజిన్ అడుగున కాక వేరే ట్యాంకులో ఉంచే పద్ధతి) 15 లీటర్ల ఆయిలు కలిగిన ఈ ఇంజిన్ అంత కొద్ది దూరంలో వేడెక్కనే వేడెక్కదు, కలిసిన పెట్రోలు ఆవిరై పోదు. ఈ ఇంజిన్ల విషయంలో ఆయిలును తరచుగా మార్చమని నొక్కి చెప్పడం చాదస్తం కాదు. రెండవ ఇబ్బంది వెనుక స్వింగ్ ఇరుసు, అంటే మధ్యలోని కీలు చుట్టూ ఒక్కో చక్రమూ తన సగం ఇరుసుతో పాటు పైకీ కిందికీ ఊగే అమరిక. సెడాన్ వంశానిదే అయిన ఆ అమరికలో, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ హఠాత్తుగా వదిలితే వెనుక చక్రాల కోణం మారి కారు వెనుక భాగం జారిపోతుంది. కీలు బిందువును కిందికి దించిన మెరుగైన ఇరుసు డబ్ల్యూ196లో వచ్చింది. 300 ఎస్‌ఎల్ కొన్నవారికి అది 1957 రోడ్‌స్టర్‌తో గానీ అందలేదు. మూడవది కారు లోపలి వేడి. పక్క కిటికీలు కిందికి దిగవు. ఊడదీసి సీటు వెనుక పెట్టుకోవాలి.

చివరిగా, 300 ఎస్‌ఎల్ తొలి నమూనా అనుకుని మీరు పంపిన, పైకి లేచే తలుపుల కారు ఫొటో గురించి. అది 300 ఎస్‌ఎల్ నమూనా కాదు. పక్క నుంచి బయటికి వచ్చిన పొగగొట్టాలను బట్టి అది 300 ఎస్‌ఎల్‌ఆర్ కూపే. పేరులో ఒక్క అక్షరమే తేడా ఉన్నా, అది గ్రాండ్‌ప్రీ డబ్ల్యూ196 నుంచి వచ్చిన ఎనిమిది సిలిండర్ల రేసు కారు. తలుపులు పైకి లేచినంత మాత్రాన 300 ఎస్‌ఎల్‌కు పూర్వీకురాలు కాదు, కాలక్రమంలో తరువాతిది. 1955లో రెండు మాత్రమే తయారయ్యాయి, వాటిలో ఒకటి 2022లో 13.5 కోట్ల యూరోలకు అమ్ముడుపోయింది. అదే 1955లో మిల్లె మిల్యాను స్టర్లింగ్ మాస్, డెనిస్ జెంకిన్సన్ గెలిచినది పైకప్పు లేని 300 ఎస్‌ఎల్‌ఆర్‌తో. ఆ పోటీలోనే జాన్ ఫిచ్ మామూలు అమ్మకపు 300 ఎస్‌ఎల్ కూపేతో మొత్తం మీద ఐదవ స్థానంలో వచ్చి తన తరగతి గెలిచాడు. ఈ రెంటినీ కలిపేసి రాసిన వ్యాసాలు చాలా ఉన్నాయి.

పాత ఫొటోలలో మిగతావాటిని విడదీయడానికి ముందు చక్రం వెనుక పక్కగోడ చూడండి. అక్కడ నునుపుగా ఉండి, బంపర్లు లేకపోతే అది 1952 కారు. తలుపు కింది అంచు కిటికీ దగ్గరే ఆగిపోతే లె మాన్స్‌కు ముందు పద్ధతిది, పక్కగోడలోకి దిగితే లె మాన్స్ పద్ధతిది, అద్దం ముందు నిలువు కడ్డీలు ఉంటే మెక్సికోకు వెళ్లినది. రంధ్రాలు ఉండి, బంపర్లు లేకుండా, చక్రాల మీద పొడుచుకు వచ్చిన కనుబొమల వంటి అంచులు కూడా లేకపోతే 1953 నాటి పదకొండవ కారు అయ్యే అవకాశం ఎక్కువ. రంధ్రాలు, అంచులు, బంపర్లు మూడూ ఉంటే అది అమ్మకానికి వచ్చిన 300 ఎస్‌ఎల్.